నారికురుపు కథకు గ్రాంటు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నేను ఫ్రీలాన్స్ విలేకరిని. ఆఫ్రికాలోని చాద్ వెళ్లి నారికురుపు (ఒంట్లో పెరిగిన పొడవాటి పురుగు చర్మం చీల్చుకుని బయటికొచ్చే జబ్బు, ఇంగ్లీషులో గినీ వార్మ్) నిర్మూలన మీద రాయాలని ఉంది. ఖర్చు భరించే సంస్థలు ఉన్నాయా? ఒకచోటికి ప్రతిపాదన పంపితే ‘విషయం ఉంది, కథ లేదు’ అని తిప్పి పంపారు.

జవాబు: ఉన్నాయి. వాషింగ్టన్‌లోని పులిట్జర్ సెంటర్ విదేశీ రిపోర్టింగ్‌కు ప్రయాణ ఖర్చులిస్తుంది. యూరోపియన్ జర్నలిజం సెంటర్ కూడా ఆరోగ్య కథనాలకు విడతలుగా గ్రాంట్లు ఇచ్చింది. కొన్ని గ్రాంట్లు ఫలానా దేశాల పత్రికల్లో అచ్చయ్యే కథనాలకే పరిమితం. కాబట్టి అన్నిటికంటే ముందు అర్హతల పేరా చదవండి.

ఇక తిప్పి పంపడం సంగతి. 1986లో 21 దేశాల్లో సుమారు 35 లక్షల కేసులు, 2023లో ప్రపంచమంతటా 14 కేసులే. ఇది విషయం. ఇంట్లో కూర్చుని రాసేదానికి విమానం టికెట్టు ఎవరూ కొనివ్వరు. చాద్‌లో 2012 నుంచి ఈ పురుగు కుక్కల్లో బయటపడుతోంది. పారేసిన చేప పేగులు తిని వాటికి సోకుతోందని అనుమానం. అందుకే పేగుల్ని పాతిపెట్టమంటున్నారు, పురుగు కనబడిన కుక్కను కట్టేసి కబురు చేసినవాళ్లకు డబ్బిస్తున్నారు. వీధిలో తిరిగే కుక్కను వారాల తరబడి గొలుసుతో కట్టి, దానికి తిండి, నీళ్లు చూడాల్సింది ఆ ఇల్లే. ఆ ఇంటి లెక్కేమిటో అక్కడికి వెళ్తే తప్ప తెలియదు. అదీ కథ.

ఇంకో పొరపాటు కూడా చేసి ఉంటారు: ‘రోగిని కలిసి మాట్లాడతాను’ అని. ప్రపంచం మొత్తానికి ఏడాదికి 14 కేసులుంటే, మీరు వెళ్లిన వారంలోనే ఒకటి దొరుకుతుందా? దొరికినా, మీటరు దాకా పొడవుండే పురుగును రోజుకు కొన్ని సెంటీమీటర్లు చొప్పున పుల్లకో గాజు గుడ్డకో చుడుతూ లాగుతారు. తొందరపడితే తెగి లోపల వాచి చీము పడుతుంది. రెండు రోజుల మకాంలో అదంతా కళ్లబడదు. రోగి దొరకకపోయినా నిలబడే కథనే ప్రతిపాదించండి.

ప్రశ్న: బడ్జెట్ ఎలా వేయాలి?

జవాబు: ప్రతిపాదనలు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే, అదీ తక్కువ చూపించడం వల్ల. మారుమూల పల్లెలకు పెద్ద ఖర్చు విమానం కాదు, ఫోర్ వీల్ డ్రైవ్ బండి. దాని అద్దె, డ్రైవరు, డీజిలు మూడూ విడివిడిగా రాయండి. అద్దెలో డీజిలు కలిసి ఉందో లేదో ముందే అడగకపోతే అక్కడికి చేరాక గొడవ. వానాకాలంలో దారులు మూసుకుపోతాయి కనుక తేదీలు అటు పెట్టకండి. స్థానిక సహాయకుడిని, దుబాసీని ఒకరినే చూపించి సగం మిగిలిందనుకోకండి. రాజధానిలో ఫ్రెంచి మాట్లాడేవారికి పల్లె భాష రాకపోవచ్చు. అప్పుడు మీ ప్రశ్న రెండు నోళ్లు మారి వెళ్తుంది, జవాబు సగమే తిరిగొస్తుంది. ప్రయాణం రద్దయితే సహాయకుడికి, దుబాసీకి ఎంతివ్వాలో కూడా ముందే ఒప్పుకోండి, బీమాలో వాళ్లను చేర్చండి.

వీసా, విలేకరుల అనుమతి, బీమా, టీకాలు కూడా బడ్జెట్‌లో వేయాల్సినవే. ఎల్లో ఫీవర్ టీకా కార్డు మొదటిసారి వేయించుకున్నవారికి 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. ముందురోజు వేయించుకుని విమానమెక్కితే ఇబ్బందే. మలేరియా మాత్రలు తిరిగొచ్చాక కూడా వేసుకోవాలి, డాక్సీసైక్లిన్ అయితే 4 వారాలు. మొత్తం మీద పదో వంతు అనుకోని ఖర్చులకు పెట్టండి. కెమెరా కొంటానని మాత్రం రాయకండి, పరికరాలకు చాలామంది ఇవ్వరు.

డబ్బు సాధారణంగా కొంత ముందు, మిగతాది కథనం అచ్చయ్యాక వస్తుంది. ఆ మధ్యకాలం మీ జేబుదే. లోపలి ఊళ్లలో కార్డు పనిచేయదు, రసీదు ఎవరూ ఇవ్వరు. ఒక రసీదు పుస్తకం మీరే పట్టుకెళ్లి తేదీ, పని, మొత్తం రాసి సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఆ రోజు మారకపు ధర పక్కనే రాసుకోండి. నెల తర్వాత గుర్తుండదు.

ప్రశ్న: ఎడిటర్ లేఖ తప్పనిసరా?

జవాబు: దాదాపు అన్నిచోట్లా. ‘పరిశీలిస్తాం’ అన్న లేఖ చాలదు. ‘ఇన్ని పదాల కథనం, ఫలానా నెలలో ప్రచురిస్తాం’ అని ఉండాలి.

ప్రశ్న: దరఖాస్తులో నిర్మూలనకు ఏ మాట వాడాలి?

జవాబు: తెలుగులో అన్నిటికీ ఒకే మాటతో సరిపెడతాం, కానీ ఇంగ్లీషు దరఖాస్తులో ఎరాడికేషన్, ఎలిమినేషన్ వేరు. మొదటిది ప్రపంచమంతటా శాశ్వతంగా సున్నా. మనుషుల జబ్బుల్లో ఇప్పటిదాకా అలా పోయింది మశూచి ఒక్కటే (1980లో ప్రకటించారు). రెండోది ఒక దేశానికో ప్రాంతానికో పరిమితం. రెంటినీ కలిపేస్తే చదివే నిపుణుడు అక్కడే ఆపేస్తాడు.

ప్రశ్న: పోలియో కార్యక్రమానికి డబ్బిచ్చే ఫౌండేషనే విలేకరులకూ ఇస్తే, దాన్ని విమర్శించగలమా?

జవాబు: న్యాయమైన అనుమానమే. గేట్స్ ఫౌండేషన్ పోలియో నిర్మూలనకూ, ఆరోగ్య జర్నలిజానికీ రెంటికీ నిధులిస్తోంది. అందుకే ఒప్పందంలో రెండు వాక్యాలు వెతకండి: కథనంపై తుది నిర్ణయం పత్రికదే అని, అచ్చుకు ముందు దాతకు చూపనవసరం లేదని. లేకపోతే చేర్చమనండి, కుదరదంటే వదిలేయండి. ఎవరి డబ్బో కథనం కింద ఒక వాక్యం వేయండి. నిర్మూలన కార్యక్రమం నడిపే ఏజెన్సీ బండిలోనే తిరిగితే అదీ రాయండి. వాళ్ల బండిలో వెళ్తే వాళ్లు చూపించే ఊరే చూస్తారు. కనీసం రెండు రోజులకైనా సొంత బండి బడ్జెట్‌లో ఉండాలి.