ఫైట్ మాస్టర్ సంపాదన: కాల్షీటు లెక్క, అట్టపెట్టెల లెక్క

ప్ర: మా అబ్బాయి డిగ్రీ చివరి ఏడాది. కరాటేలో బ్లాక్ బెల్టు. ఫైట్ మాస్టర్ అవుతానంటున్నాడు. గాంధీనగర్ సినిమా ఆఫీసుల్లో అడగమని ఎవరో చెప్పారు. అడగమంటారా?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జ: వద్దమ్మా. గాంధీనగర్ ఆఫీసులు సినిమాలు కొని థియేటర్లకు పంచేవి. ఫైటర్లకు అక్కడ పని ఉండదు. హైదరాబాదులోని స్టంట్ యూనియన్‌లో సభ్యత్వం తీసుకోవాలి. రుసుము యూనియన్ ఆఫీసులోనే కనుక్కుని, అక్కడే కట్టి, రసీదు తీసుకోండి. ‘కార్డు ఇప్పిస్తా’ అంటూ మధ్యలో తగిలేవాళ్లకు పైసా ఇవ్వకండి. ఎవరైనా ముందు ఫైటర్‌గా, అంటే మాస్టర్ చెప్పినట్టు దెబ్బలాడేవాడిగా చేరాల్సిందే. చీరాల పక్క కారంచేడు నుంచి వెళ్లిన రామ్-లక్ష్మణ్ కూడా అలా మొదలై మాస్టర్లయినవాళ్లే.

కరాటే వల్ల ఒంట్లో ఒడుపు వస్తుంది గానీ, కొన్ని అలవాట్లు మరిచిపోవాలి. పోటీలో దెబ్బ తగలాలి. షూటింగులో పిడికిలి ముఖానికి జానెడు ఎడంగా పోవాలి. కెమెరాను కొట్టేవాడి భుజం వెనక పెడితే ఆ జానెడు కనబడదు, పక్కన పెడితే గాలిలో కొట్టినట్టు ఇట్టే తెలిసిపోతుంది. దెబ్బ తినేవాడు మెడ తిప్పడం రవ్వంత ఆలస్యమైనా షాట్ పోయినట్టే. దెబ్బ రాకముందే కళ్లు మూసుకోవడం కొత్తవాళ్ల జబ్బు. ఈలోగా జిమ్నాస్టిక్స్, ఈత నేర్పించండి.

ప్ర: ఫైటర్‌కి, మాస్టర్‌కి డబ్బు ఎలా ఇస్తారు? మాస్టర్లకు లక్షల్లో మిగులుతుందంటారు, నిజమేనా?
– పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జ: ఫైటర్‌ది రోజు వేతనం. యూనియన్‌కూ నిర్మాతలకూ కుదిరిన ఒప్పందమే దానికి ఆధారం. 2025 ఆగస్టు సమ్మె తర్వాత సినీ కార్మికుల వేతనాలను మూడేళ్లలో విడతలుగా 22.5 శాతం వరకు పెంచడానికి ఒప్పుకున్నారు. ఎత్తు నుంచి దూకడం, నిప్పు, కారు పల్టీ లాంటివాటికి అదనంగా మాట్లాడుకుంటారు. ఆ మాట షాట్‌కి ముందే తేలాలి. దూకాక అడిగితే బేరమే ఉండదు.

మాస్టర్ రోజుకింతని గానీ, ఫైటుకింతని గానీ ఒప్పుకుంటాడు. రెండో పద్ధతిలోనే చేతులు కాలేది. లెక్క తెలియడానికి ఊహాంకెలు వేద్దాం. ఆరు రోజుల ఫైటు, రెండు రోజుల రిహార్సల్, మొత్తం 6 లక్షలు. ఖర్చులు మాస్టర్ అందులోంచే పెట్టుకోవాలి. ఇద్దరు అసిస్టెంట్లు, నలుగురు తాడు లాగేవాళ్లు, తలా రోజుకు 4,000 చొప్పున ఎనిమిది రోజులకు 1,92,000. సామాను అద్దె షూటింగు రోజుకు 10,000 చొప్పున 60,000. మిగిలేది 3,48,000, అంటే రోజుకు 43,500. వాన పడో, హీరో రాకో షూటింగు రెండు రోజులు పెరిగిందా, 68,000 ఖర్చు మీద పడి రోజు గిట్టుబాటు 28,000కు దిగుతుంది. అందుకే ‘ఆరు రోజులు దాటితే రోజుకింత అదనం, రిహార్సల్ కూడా పని దినమే’ అని కాగితం మీద రాయించుకోవాలి. పైగా ఆ ఫైటుకూ తర్వాతి ఫైటుకూ మధ్య ఎన్ని నెలలు ఖాళీయో ఎవరూ చెప్పలేరు. ఏడాది మొత్తం బిల్లులు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకున్న ఆదాయపన్ను (టీడీఎస్)లో మీకు తిరిగి రావాల్సింది రిటర్ను వేస్తేనే వస్తుంది.

ప్ర: 20 అడుగుల మీద నుంచి దూకేవాళ్ల కింద పరుపు వేస్తే చాలదా? అట్టపెట్టెలు ఎందుకు?
– ఇంజినీరింగ్ విద్యార్థి, పటమట, విజయవాడ

జ: 20 అడుగులు పడేసరికి వేగం గంటకు 39 కిలోమీటర్లు. ఆగడానికి ఎంత దూరం దొరుకుతుందన్నదే అసలు సంగతి. నాలుగు అడుగుల మేర నలిగే అట్టపెట్టెల దొంతర కింద ఉంటే ఒంటి మీద సగటున బరువుకు ఆరు రెట్ల ఒత్తిడి. అరడుగు పరుపు మీదైతే నలభై రెట్లు! ఎముక ఊరుకోదు.

ఖాళీ పెట్టెలన్నీ ఒకే సైజువి తీసుకోవాలి. మూతలకు టేపు వేయకూడదు. గాలి పోయే దారి లేకపోతే పెట్టె బంతిలా ఎగరగొడుతుంది. వరసకీ వరసకీ మధ్య అట్ట పరిచి, పైన పరుపులు వేసి, చుట్టూ తాడుతో బిగించాలి. లేదంటే అంచు పెట్టెలు జారి మధ్యలో సందు పడుతుంది. ఒకసారి నలిగినవి మళ్లీ వాడొద్దు. రాత్రి షూటింగులో మంచు పడితే అట్ట మెత్తబడి బలం పోతుంది, అది చూడ్డానికి తెలియదు, వేలితో నొక్కి చూడాలి. వీపు మీదే పడాలి. కాళ్ల మీద పడితే పెట్టెలను చీల్చుకుని లోపలికి దిగిపోతారు, మోకాలు వచ్చి గడ్డానికి తగులుతుంది.

ప్ర: ఫైటర్‌కి మామూలు ప్రమాద బీమా పనికొస్తుందా?
– పాఠకురాలు, మంగళగిరి

జ: వృత్తి దాచి తీసుకుంటే క్లెయిము తిరస్కరిస్తారు. ప్రపోజల్ ఫారంలో ‘సినిమా స్టంట్ ఆర్టిస్టు’ అనే రాయండి. ప్రీమియం పెరిగినా పెరగనివ్వండి. పాలసీలో మినహాయింపుల పేజీ చదివి, ప్రమాదకర వృత్తులను తీసేశారేమో చూడండి. నిర్మాత తీసిన బీమా ఉంటే, ఫైటర్ పేరు అందులో చేరిందో లేదో షూటింగుకు వెళ్లే ముందే ప్రొడక్షన్ మేనేజర్‌ని అడిగి కాపీ తీసుకోండి.