కేలాంగ్‌లో ఆ రాత్రి ఏం జరిగింది?

విద్యానగర్, హైదరాబాద్

తమ్ముడూ,

నీ లేహ్ బైకు యాత్ర మొత్తం చదివాను. అక్షరదోషాలూ కామాలూ కాగితం మీదే పెన్సిల్‌తో దిద్దిపెట్టాను, ఎప్పుడైనా వచ్చి పట్టుకెళ్ళు. ఈ ఉత్తరం మాత్రం ఒక్క పేరా గురించే, మనాలి నుంచి లేహ్ వెళ్ళే దారిలో మీరు కేలాంగ్‌లో ఆగిన రాత్రి గురించి. పద్నాలుగో పేజీలో ఉంది అది. "సాయంత్రానికి కేలాంగ్ చేరాం. కొండల నడుమ అందమైన చిన్న ఊరు. హోటల్లో రూమ్ తీసుకుని, తిని పడుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికే లేచి బయలుదేరాం." అంతే. దానికి ముందు మలుపులు, లోయలు, మబ్బులు. దాని తర్వాత బారాలాచా కనుమ, సర్చూ, మళ్ళీ మలుపులు.

నాకేమో నువ్వు రాయాల్సిందంతా ఆ నాలుగు వాక్యాల మధ్యే ఎక్కడో ఉండిపోయిందనిపించింది.

రోడ్డు గురించి నువ్వు రాసినదాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే అందులో నువ్వు లేవు. ఆ దారిలో గాటా లూప్స్ అనే ఘాట్ రోడ్డు 21 మలుపులూ ఇప్పటికే లెక్కలేనంత మంది వీడియోలు తీసి చూపించేశారు. అదీగాక బండి నడిపేవాడికి నిజంగా కనబడేది తక్కువ. ముందు బండి వెనక లైటు, రోడ్డు మీద కంకర, ఎదురొచ్చే ట్యాంకరు, కళ్ళు వాటి మీదే ఉండాలి. లేకపోతే ఇంటికి రాడు. ఆ పేజీలు చాలావరకు ఇంటికొచ్చాక హెల్మెట్ కెమెరా వీడియో ముందు పెట్టుకుని రాసినట్టున్నాయి. అవునా, కాదా? నువ్వు హెల్మెట్ తీసి, గ్లవ్స్ విప్పి, మనుషులతో మాట్లాడిన చోటు కేలాంగ్. దాన్నే దాటేశావు.

పోనీ నీకు వినడం రాదనుకుందామంటే సికింద్రాబాద్ పార్సిల్ ఆఫీసు పేజీ ఉందాయె. మొత్తంలో నాకు బాగా నచ్చిన పేజీ అదే. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయించడం, ఆర్‌సీ జిరాక్స్ కోసం పరుగు, గడ్డి పెట్టి గోనెపట్టా చుట్టి కుట్టే ఆయన బండి అద్దాలు విప్పి నీ చేతిలో పెట్టి "ఇవి పోతే నన్ను అడగొద్దు" అనడం. నువ్వక్కడ ఏమీ వర్ణించలేదు. వాళ్ళ మాటలు రాశావు, మనుషులు కనబడ్డారు. నీకు అక్కడ చేయడానికి పనేమీ లేదు కాబట్టి కూర్చుని విన్నావు. కేలాంగ్‌లో కూడా ఒక రాత్రంతా ఉన్నావు కదా.

ముందు ఎత్తు సంగతి చూడు. "సముద్రమట్టానికి దాదాపు 3,080 మీటర్లు" అని రాసి వదిలేశావు. అమీర్‌పేటలో కూర్చుని చదివేవాడికి ఆ అంకె ఏం చెబుతుంది? మన హైదరాబాద్ ఉన్నది సుమారు 540 మీటర్ల దగ్గర. మనాలి 2,050. కేలాంగ్ దగ్గరికొచ్చేసరికి గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదాంట్లో దాదాపు 70 శాతానికి పడిపోతుంది. ఆక్సిజన్ వాటా అక్కడా 21 శాతమే, గాలే పల్చనవుతుంది. అంటే బ్యాగులు మోసుకుంటూ హోటల్ మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఒకసారి ఆగే ఉంటారు, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వే ఉంటారు. ఆ మెట్లు రాయి. అంకె కావాలంటే ఆ తర్వాత వెయ్యి.

నేను వెళ్ళినప్పుడు రోహ్‌తాంగ్ కనుమ కింద అటల్ సొరంగం లేదు. బస్సు 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ ఎక్కి, అవతల చంద్రా లోయలోకి దిగి, తాండీ మీదుగా కేలాంగ్ చేరేది. పైన కాసేపు తల దిమ్మెక్కినా రాత్రి పడుకోవడం కిందికొచ్చాకే. 2020 అక్టోబరు 3న సొరంగం తెరిచాక 9 కిలోమీటర్లు లైట్ల కింద నడిపి అవతల తేలుతున్నారు. ఏటా నెలల తరబడి మంచులో చిక్కుకుపోయిన, కేలాంగ్ ఉన్న లాహుల్ ప్రాంతం వాళ్ళకి ఆ దారి ఎంత అవసరమో నాకు తెలుసు, దాన్ని తప్పుపట్టడం లేదు. నేననేది మీ సంగతి. మీలాంటి రైడర్లకు ఎత్తు అంటే ఏమిటో మొదటిసారి ఒంటికి తెలిసేది ఇప్పుడు కేలాంగ్‌లోనే, అదీ లైటు తీసేసి పడుకున్నాక.

నాకు అనుమానం వచ్చింది ఇక్కడే. మనాలిలో మీరు ఐదు బళ్ళు. పదమూడో పేజీలో తాండీ పెట్రోల్ బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్లని చెప్పే ఆ ప్రసిద్ధమైన బోర్డు కింద ఐదుగురూ ఫోటో దిగారు. పదహారో పేజీలో సర్చూ గుడారాల ముందు "నలుగురం టీ తాగాం" అన్నావు. ఐదో మనిషి ఏడి? పేజీలు వెనక్కి తిప్పి వెతికాను. ఇరవయ్యో పేజీలో "కేలాంగ్ నుంచే వెనుదిరిగిన మిత్రుడు కూడా ఉండి ఉంటే" అని ఒక్క ముక్క దొరికింది.

మనిషి తగ్గిపోతే ఒక ముక్కతో సరిపెట్టేస్తావా తమ్ముడూ!

ఆ గదిలో ఆ రాత్రి ఒక నిర్ణయం జరిగింది. తలనొప్పా, వాంతులా? లేక ఇంటి నుంచి ఫోనా? ఎత్తు వల్ల వచ్చిన తలనొప్పి తగ్గకుండా ఇంకా పైకి ఎక్కకూడదని కొండల్లో తిరిగే ఎవరైనా చెబుతారు. మర్నాడు మీ దారేమో 4,800 మీటర్లు దాటే బారాలాచా మీదుగా, రాత్రి బస 4,200 మీటర్ల పైనున్న సర్చూలో. "టాబ్లెట్ వేసుకో, తెల్లారేసరికి తగ్గిపోతుంది" అని ఎవరో ఒకరు అనే ఉంటారు. ఒకడు మిగిలిన లీవులు లెక్కపెట్టి ఉంటాడు. ఇంకొకడు దుప్పటి ముసుగేసి నిద్రపోయినట్టు పడుకుని ఉంటాడు. నువ్వేమన్నావు? మొత్తం చదివాక నాకు తెలుసుకోవాలనిపించింది అదొక్కటే.

నాలుగింటికి లేవడాన్ని "మా లీడర్ క్రమశిక్షణ" అని రాశావు. అసలు కారణం నీళ్ళు. పగలు ఎండకు పైన మంచు కరిగి, మధ్యాహ్నం దాటేసరికి రోడ్డుకి అడ్డంగా పారే నాలాలు పొంగుతాయి. పొద్దున్నే దాటితే బూట్లు తడిసి పోతాయంతే, ఆలస్యమైతే బండి నిలవదు. అందుకని చీకటితోనే కదలాలి. అందుకనే ఆ రాత్రి మీకు వాదించుకోవడానికి ఎక్కువ టైమ్ లేదు. ఈ కారణం రెండు ముక్కల్లో చెప్పావంటే టెన్షన్ దానంతటదే వస్తుంది, నువ్వు "ఉత్కంఠభరితమైన" అని రాయక్కర్లేదు. ఆ మాట నీ ప్రతిలో చాలాసార్లు తగిలింది, అన్నిటికీ పెన్సిల్ గీత పడింది.

"ఇక్కడి మనుషులకు హడావిడి తెలియదు, ప్రశాంతంగా బతుకుతారు" అన్న వాక్యాన్ని పూర్తిగా కొట్టేశాను. మీరు వెళ్ళింది జూలై ఆఖర్లో. లాహుల్లో ఏడాది పంటంతా ఆ కాస్త వేసవిలోనే తీసుకోవాలి. రోహ్‌తాంగ్ వైపు కొండలు వానమబ్బుల్ని చాలావరకు అవతలే ఆపేస్తాయి కాబట్టి, మంచు కరిగిన నీళ్ళనే కాలవల్లో పొలాలకు మళ్ళించుకుంటారు. బఠాణీ, బంగాళాదుంప, కాలీఫ్లవర్ పండిస్తారు. మీరు రూమ్ రేటు దగ్గర బేరమాడుతున్నప్పుడు ఆ హోటల్ వాళ్ళింట్లో సగం మంది పొలంలో ఉండి ఉండొచ్చు. రోడ్డు పని చేస్తున్న కూలీలందర్నీ "పహాడీ సోదరులు" అని కూడా రాశావు. ఆ పనులకు జార్ఖండ్‌లోని దుమ్కా వైపు నుంచి ఏళ్ళ తరబడి మనుషులు వెళ్తున్నారు. "మీది ఏ ఊరు?" అని ఒకరినైనా అడిగి ఉండాల్సింది.

"అనాదిగా నిలిచిన హిమగిరులు" కూడా తీసేశాను. హిమాలయాలు పైకి లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్ళు. మన దుర్గం చెరువు పక్కనున్న గుండ్లకు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. అనాది కావాలంటే మాదాపూర్ వెళ్ళి చూడు, పగలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టగా ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి.

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు మన హైదరాబాద్ మీదుగానే వెళ్ళారు. దిగిన ఊళ్ళలో బస ఎక్కడ, నీళ్ళు ఎలా ఉన్నాయి, అంగళ్ళలో ఏం దొరుకుతాయి అని ఓపిగ్గా రాసిపెట్టుకున్నారు. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆయనతో పాటు ఆ ఊళ్ళలో మనమూ దిగుతాం. ఆయన దగ్గర కెమెరా లేదు. నీ దగ్గర ఉంది, భాగా నది అవతల కార్దాంగ్ గొంపా (బౌద్ధ మఠం) ఫోటో కూడా తీశావు. ఆ ఫోటో ఏ కిటికీలోంచి తీశావో, అప్పుడు నీ వెనక ఎవరున్నారో రాతలో లేదు.

ఇప్పుడు మళ్ళీ అంత దూరం వెళ్ళక్కర్లేదు. నీ ఫోన్ తియ్. ఫోటోల మీద టైమ్ ఉంటుంది. యూపీఐ చరిత్రలో ఏ కొట్లో ఎన్నింటికి ఎంత కట్టావో ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి మందుల షాపుకి ఏదైనా కట్టి ఉంటే, నీ పేరా అక్కడ మొదలవుతుంది. మీ గ్రూపు మెసేజ్‌లు చూడు. మిగిలిన ముగ్గురినీ విడివిడిగా కలిసి ఆ రాత్రి గురించి అడుగు. అందరినీ ఒకే చాయ్ హోటల్లో కూర్చోబెట్టి అడగొద్దు, గట్టిగా మాట్లాడేవాడి కథే అందరి కథ అయిపోతుంది. గుర్తురానిది గుర్తులేదనే రాయి. ఓ ముసలి లామా వచ్చి మీ ఐదుగురికీ జీవితసత్యం చెప్పాడని మాత్రం దయచేసి కల్పించకు. ఇప్పటికే యాత్రల రాతల్లో అలాంటి లామాలు కావలసినంత మంది ఉన్నారు.

ఐదో మనిషి దగ్గరికి ఆఖర్న వెళ్ళు. ఇంజన్ల చప్పుడు దూరమయ్యాక అతను ఏం చేశాడో అడుగు. మీరెవరూ చూడని కేలాంగ్ పగలు చూసినవాడు అతనొక్కడే. ఎక్కడ టిఫిన్ తిన్నాడు, ఎవరితో మాట్లాడాడు, బండిని ఎలా వెనక్కి తెచ్చుకున్నాడు, మీ మీద కోపం వచ్చిందా, లేక హాయిగా అనిపించిందా? రాసింది ముందు అతనికి చూపించు. వద్దంటే పేరు మార్చి నడిపించేద్దామని చూడకు. ఆ భాగం పక్కన పెట్టి నాకు ఫోన్ చెయ్యి, ఏం చేయాలో కూర్చుని మాట్లాడుకుందాం. ఆదివారాలు పొద్దున్న పదిలోపు ఇంట్లోనే ఉంటాను.

మీ అన్న