అబ్బాయి సిగరెట్ తాగుతున్నాడు... ఎలా మాన్పించాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. వాడి బ్యాగులో సిగరెట్లు కనిపించాయి. అడిగితే ‘ఎప్పుడో ఒకటి, ఫ్రెండ్స్ ఇస్తే తాగుతా’ అన్నాడు. పిల్లలకు అమ్మకూడదని చట్టం ఉంది కదా, మరి ఎలా దొరుకుతున్నాయి? నేనూ పొగ తాగుతాను. వాడికి ఏ ముఖంతో చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు అడిగినప్పుడు మీ అబ్బాయి నిజం దాచలేదు. ముందు ఆ నమ్మకాన్ని నిలబెట్టుకోండి, కొట్టడం తిట్టడం వద్దు. అలాగని ‘ఎప్పుడో ఒకటి’ అన్న మాటను తేలిగ్గానూ తీసుకోవద్దు. పొగతో పాటు పీల్చిన నికోటిన్ (పొగాకులో అలవాటు పట్టించే పదార్థం) 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. మెదడు ఎదుగుదల దాదాపు 25 ఏళ్ల దాకా సాగుతుంది కాబట్టి ఈ వయసులో అలవాటు త్వరగా పట్టేస్తుంది. కొందరు పిల్లలకు రోజూ తాగడం మొదలుపెట్టకముందే మనసు అటు లాగుతుంటుంది.

ఇక చట్టం సంగతి. అది అమ్మేవాళ్లను ఆపగలదు కానీ, స్నేహితుడు చాచిన చేతిని ఆపలేదు. అయినా చట్టాలు దండగ అని మాత్రం అనుకోకండి. 2005లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం విడి సిగరెట్ల అమ్మకాన్నీ ఆపాలంటుంది. ఎందుకంటే ప్యాకెట్ కొనలేని పిల్లలు ఒక్కటైతే కొనేస్తారు. పన్నులు పెంచినా ముందు వెనకడుగు వేసేది పిల్లలే. నా దృష్టిలో అన్నిటికన్నా గట్టిగా పనిచేసేది అదే. కొన్ని సిగరెట్లలో కలిపే మెంథాల్ (పుదీనాలాంటి చల్లని రుచి) గొంతు మంటను తెలియనివ్వదు, మొదటి దమ్ము సులువుగా లోపలికి పోతుంది. అందుకే 2020లో యూరోపియన్ యూనియన్ మెంథాల్ సిగరెట్లను నిషేధించింది.

ఇంట్లో మాత్రం చట్టం మీరే. ‘ఇద్దరం కలిసి మానేద్దాం’ అని ఈరోజే చెప్పండి. ఎంత మంచిగా చెప్పినా, మీరు తాగుతూ చెబితే అతనికి ఎక్కదు. మొదటి మూడు నాలుగు రోజులు ఇద్దరికీ కష్టంగానే ఉంటుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం మామూలే. దాన్ని పొగరు అనుకోకండి, నికోటిన్ అందక వచ్చే ఇబ్బంది అది. మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. తాగాలన్న కోరిక పుట్టినప్పుడు కొన్ని నిమిషాలు ఓర్చుకుంటే చాలు, దానంతటదే దిగిపోతుంది. ఆ కాసేపు నీళ్లు తాగండి, అలా నడిచి రండి.

సిగరెట్ బదులు ఈ-సిగరెట్ అంటే ఒప్పుకోవద్దు, చాలావాటిలో ఉండేదీ నికోటినే. నికోటిన్ గమ్, ప్యాచ్ లాంటివి డాక్టర్‌ను అడగకుండా అతనికి ఇవ్వకండి. పొద్దున లేచిన అరగంటలోపే సిగరెట్ కావాలనిపిస్తోందా అని నెమ్మదిగా అడగండి. అవునంటే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి. మీరూ చూపించుకోండి.