అమెరికా నగరాలు, వాటిని కట్టిన మనుషుల గురించి ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

అధ్యక్షుల పేర్లు, యుద్ధాల తేదీలు కాకుండా అమెరికాలో నగరాలు ఎలా పుట్టాయో, వాటిని మలిచిన వాళ్లెవరో చెప్పే పుస్తకాలు అడిగారు కదా, నేనైతే షికాగోతో మొదలుపెట్టమంటాను.

విలియం క్రోనన్ రాసిన ‘నేచర్స్ మెట్రోపాలిస్’ (1991) చదవండి. 1840లో నాలుగున్నర వేల జనాభా కూడా లేని ఆ ఊరు 1890 నాటికి పది లక్షలు ఎలా దాటిందో ఆయన గోధుమ బస్తా దగ్గర నుంచి చెప్పుకొస్తాడు. మొదట్లో రైతు కట్టిన బస్తా అలాగే పడవెక్కి కొనేవాడి దాకా వెళ్లేది. రైళ్లు, ఆవిరితో గింజల్ని పైకెత్తి నిల్వ చేసే ఎలివేటర్లనే పెద్ద గోదాములు వచ్చాక బస్తాలు విప్పి అందరి గింజలూ కలిపి పోశారు, గ్రేడు కట్టి చేతిలో రసీదు పెట్టారు, ఆ రసీదులు చేతులు మారుతూ మారుతూ ఫ్యూచర్స్ మార్కెట్‌కి, అంటే తర్వాతెప్పుడో ఇచ్చే సరుకుకి ఇప్పుడే ధర కుదుర్చుకునే బజారుకి, దారి తీశాయి. ఒక్క బస్తా పోతే ఇంత జరుగుతుందా అనిపిస్తుంది!

జీవితచరిత్ర కావాలంటే రాబర్ట్ మోజెస్ అనే అధికారి మీద రాబర్ట్ కారో రాసిన ‘ది పవర్ బ్రోకర్’ (1974). వెయ్యికి పైగా పేజీలు, టెన్షన్ పడకండి, ముందు ‘వన్ మైల్’ అనే అధ్యాయం ఒక్కటి చదవండి. ఏ ఎన్నికా గెలవకుండానే దశాబ్దాల పాటు న్యూయార్క్‌ని తన ఇష్టప్రకారం కట్టిన ఈ మోజెస్, ఆ నగరంలోని బ్రాంక్స్‌లో ఒక మైలు హైవే కోసం వేల మందిని ఇళ్లు ఖాళీ చేయించాడు. రోడ్డు కాస్త పక్కకు జరిపితే చాలని అక్కడి గృహిణులు ఎంత పోరాడినా ఆయన వినలేదు.