ఎక్స్‌వింగ్‌లో పైలట్‌తో పాటు ఇంకొకరు వెళ్లగలరా?

వెళ్లలేరు, స్టార్ వార్స్‌లోని ఎక్స్‌వింగ్ అనే అంతరిక్ష ఫైటర్‌లో ఉన్నది ఒక్క పైలట్ సీటే. కాక్‌పిట్ అంతా పైలట్ ఒక్కడికే సరిపోతుంది. నెల్లూరు ఆత్మకూరు బస్టాండులో షేర్ ఆటో డ్రైవర్ పక్కన ఒకరు సర్దుకున్నట్టు ఇక్కడ కుదరదు. మోచెయ్యి తగిలి స్టిక్ కదిలినా ప్రమాదమే.

చాలామంది పొరబడేది పైలట్ వెనక ఆర్‌టూ-డీటూ అనే డ్రాయిడ్ (రోబో) ఉండే చోటు దగ్గర. అది సీటు కాదు. ఆ గుంట కాక్‌పిట్ అద్దానికి బయట ఉంటుంది, డ్రాయిడ్ తల నేరుగా అంతరిక్షంలోకే తేలి ఉంటుంది. డ్రాయిడ్‌కి గాలి అక్కర్లేదు కాబట్టి సరిపోయింది. అదే మనిషైతే, స్పేస్ సూట్ లేకుండా దాదాపు 15 సెకన్లలో స్పృహ తప్పుతాడు.

మరి స్టార్ వార్స్ సిరీస్‌లోని యోధుడు మాండలోరియన్ తన ఎన్‌-1 ఫైటర్‌లో గ్రోగు అనే పిల్ల ప్రాణిని ఎలా తీసుకెళ్లాడు? 2022లో వచ్చిన ఎపిసోడ్లలో చూస్తే, ఆ ఫైటర్‌లో డ్రాయిడ్ గుంట తీసేసి, దాని స్థానంలో గాజు బుడగ లాంటి మూత బిగించారు. చాలా తెలివైన మార్పు అది! అయినా అందులో పట్టేది గ్రోగు అంత చిన్న ప్రాణి మాత్రమే, పెద్దవాళ్లు కాదు.