పీర్ అంటే ఎవరు?

తమ్ముడూ, ఫీడ్‌బ్యాక్ ఫారంలో ముగ్గురు పీర్ల పేర్లు అడిగారు, ఎవరివి రాయాలో తెలియక టెన్షన్‌గా ఉందన్నావు. కొత్తలో నేనూ ఇక్కడే తప్పు చేశాను. మా మేనేజర్ పేరు, ఇద్దరు సీనియర్ల పేర్లు రాసిచ్చాను. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మూడు పేర్లూ కొట్టేసి, "నీతో సమానంగా పనిచేసేవాళ్లు కావాలి" అన్నారు. కాగితం మీద ఆ మూడు గీతలు ఇంకా కళ్లముందే ఉన్నాయి.

బ్రిటన్‌లో పార్లమెంటు ఎగువ సభ అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ సభ్యుల్ని పీర్లంటారు కదా, అందుకే అది పెద్దవాళ్లకు వాడే మాట అనుకున్నాను. కానీ లాటిన్‌లో 'పార్' అంటే సమానం. ఆ ప్రభువులు కూడా తమలో తాము సమానులనే ఆ పేరు. ఇంగ్లండు రాజు ఒప్పుకున్న 1215 నాటి హక్కుల పత్రం మాగ్నా కార్టాలో, స్వతంత్రుడిని శిక్షించాలంటే అతని సాటివాళ్ల తీర్పో దేశ చట్టమో ఉండాలన్నప్పుడు ఆ సాటివాళ్లు పీర్లే. క్రికెట్ అంపైర్‌దీ ఇదే మూలం: పాత ఫ్రెంచిలో 'నాన్‌పెర్', అంటే రెండు పక్షాల్లో దేనితోనూ జత కాని మూడోవాడు.

మన 'సాటి' దీనికి సరిగ్గా సరిపోతుంది. సాటిలేనిది అంటే ఇంగ్లీషులో పీర్‌లెస్. కొలీగ్ అంటే మేనేజర్ కూడా అవుతాడు, పీర్ మాత్రం నీ వరుసలో ఉన్నవాడే. స్నేహితుడే కానక్కర్లేదు. అయితే ఎవరినీ "పీర్" అని పిలవకు, అది పిలుపు కాదు.

అర్థం తెలిశాక కూడా నాకు కష్టమైంది సాటివాడిలా మాట్లాడటం. సాటివాడు తన కోడ్‌ని పీర్ రివ్యూకి, అంటే చూసి తప్పొప్పులు చెప్పమని, పంపితే, ఏమనుకుంటాడోనని "అంతా బాగుంది" అని రాసేసేవాణ్ణి. అది మర్యాద కాదు, అవతలివాడికి అన్యాయం. "ఈ ఫంక్షన్ ఏం చేస్తుందో పేరు చూస్తే తెలియడం లేదు" అని రాయి. నీకూ అలాంటి మాట వస్తే మనసు కష్టపెట్టుకోకు, అది చీవాట్లు కాదు. ఈ ఒక్కటీ పట్టుబడటానికి నాకు ఏడాది పట్టింది.

మూడో పేరు ఇంకా ఖాళీ అన్నావు. నీతోపాటు అదే నెలలో చేరి, నువ్వు రాసిన ప్రతి మార్పునీ టెస్ట్ చేసే అమ్మాయి ఉందన్నావు చూడు, ఆమె పేరు రాయి. ముందు ఆమెతో ఒక మాట చెప్పు.