అమ్మమ్మ పెట్టెలోని వెండి రూపాయల విలువ తెలుసుకోవడం ఎలా?

జార్జి రాజు బొమ్మ ఉన్న పాత రూపాయలు దొరికాయి, తోమి అమ్మవచ్చా అని అడిగారు. దయచేసి చింతపండు జోలికి వెళ్లకండి! ఆ నల్లటి పొరే సేకర్తలకు ముద్దు. తోమిన గీతలు కనిపిస్తే ధర పడిపోతుంది.

ముందు సంవత్సరం చూడండి. 1939 వరకు వచ్చిన రూపాయి 11.66 గ్రాములు, అందులో దాదాపు 92 శాతం వెండి. 1940 నుంచి 1945 వరకు వచ్చిన వాటిలో సగమే వెండి. 1947 రూపాయిలో వెండే లేదు, అంతా నికెల్.

తర్వాత భూతద్దంతో రాజుగారి చెవి, కిరీటం చూడండి. నున్నగా అరిగిపోయి ఉంటే మామూలు సంవత్సరాల వాటికి వెండి ధరే. గొలుసు కోసం కొక్కెం అతికించినదీ అంతే.

1911 నాణెం ఉంటే మాత్రం తొందరపడి కంసాలికి ఇవ్వకండి. ఐదో జార్జి అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవ జరిగి, వాటిని చాలావరకు కరిగించేశారు.